అర్థం చెబితేనే పాయింట్లు

అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద ఇంగ్లీషు మాటలు కట్టే స్క్రాబుల్ ఆటకి ఏ రూల్స్ పుస్తకంలోనూ కనబడని రూలొకటి మా అక్క పెట్టింది. బోర్డు మీద ఎవరు మాట పేర్చినా దాని అర్థం కూడా చెప్పాలి. చెప్పలేకపోతే, ఆ మాట డిక్షనరీలో ఉన్నా సరే, సగం పాయింట్లే. పోటీల్లో ఇలాంటిదేమీ లేదు. అక్కడ మాట ఆమోదించిన జాబితాలో ఉంటే చాలు, అర్థం ఎవరూ అడగరు. మా ఇద్దరి మధ్య మాత్రం ఆట నడిచినంతకాలం అక్క మాటే చెల్లింది. ఇంగ్లీషు మీద నాకు ఇష్టం పుట్టిందంటే క్లాసులో విన్న పాఠాల కన్నా ఆ రూలే ఎక్కువ కారణం.

అక్క దగ్గర లావుపాటి డిక్షనరీ ఒకటి ఉండేది. వాడీ వాడీ అట్ట ఊడిపోతే గుడ్డ టేపు అంటించింది. దాని పక్కనే ఎప్పుడూ గళ్ళ నోట్‌బుక్ ఒకటి. ఎడమ పేజీలో మాట, గడికో అక్షరం చొప్పున, పెద్దబడి అక్షరాలతో. చివర చిన్న సున్నా చుట్టి అందులో అక్షరాల సంఖ్య. కుడి పేజీలో అర్థం, ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు మొదట వాడారు. ఏడు అక్షరాలకు తక్కువైన మాటకి అందులో చోటు లేదు. "చిన్న మాటలు ఆడుతూ ఆడుతూ వాటంతటవే వస్తాయిరా. పెద్దవాటి దగ్గరికి మనమే వెళ్ళాలి" అనేది.

ఈ ఆటను తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్ గురించి కూడా ఆ నోట్‌బుక్ మొదటి పేజీలోనే చదివాను. ఆయన అమెరికన్ ఆర్కిటెక్ట్. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ పని మొదలుపెట్టాడు. ఏ అక్షరానికి ఎన్ని బిళ్ళలు ఉండాలో తేల్చుకోవడానికి న్యూయార్క్ టైమ్స్ పత్రిక ముందు పేజీ తీసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడట. మొత్తం 100 బిళ్ళల్లో 'ఈ' అనే అక్షరానికి 12 ఉండటం, క్యూకీ జెడ్‌కీ ఒక్కొక్కటే ఉండటం ఆ లెక్క ఫలితమే. బహువచనాలు మరీ తేలికైపోకుండా ఎస్‌లను నాలుగుతో ఆపేశాడు. స్క్రాబుల్ అన్న పేరు తర్వాత 1948లో జేమ్స్ బ్రూనో పెట్టింది.

బోర్డు అడ్డంగా 15 గళ్ళు, నిలువుగా 15 గళ్ళు. ఎంత పండితుడైనా 15 అక్షరాలు దాటి వెయ్యలేడు. అయినా మా నోట్‌బుక్‌లో చాలా మాటలు ఆ గీత దాటినవే. ఆటకి పనికిరావని తెలిసీ అక్క వాటినే ఎక్కువ ప్రేమగా రాసేది.

వాటిలో నేను మొదట నోటికి పట్టించుకున్నది 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'. 29 అక్షరాలు. ఒక విషయాన్ని ఎందుకూ కొరగానిదని తీసిపారెయ్యడం అని అర్థం. లాటిన్‌లో ఫ్లోకీ, నౌకీ, నిహిలీ, పిలీ అనే నాలుగు మాటలున్నాయి. నాలుగింటి భావమూ దాదాపు ఒకటే: పూచికపుల్లంత విలువ కూడా లేదని. లాటిన్ వ్యాకరణంలో ఈ నాలుగూ ఒకచోట కనిపిస్తే ఇంగ్లండ్‌లో ఎవరో సరదాకి వాటిని వరసగా అతికించేశారు. 1741లో విలియం షెన్‌స్టోన్ అనే కవి తన ఉత్తరంలో ఈ మాట వాడాడు. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే అక్షరం 'ఈ' కదా, ఇంత పొడుగు మాటలో అది ఒక్కటంటే ఒక్కటి లేదు. 'ఐ'లు మాత్రం తొమ్మిది. ఈ సంగతి నాకు నేనుగా కనిపెట్టి చెప్పినప్పుడు అక్క పెన్సిలు నా చేతికిచ్చి నోట్‌బుక్‌లో నన్నే రాయమంది. ఆ పేజీలో నా కోడిగీతలు ఇప్పటికీ ఉన్నాయి.

45 అక్షరాల ఊపిరితిత్తుల జబ్బు పేరు చాలామంది వినే ఉంటారు. 'న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్'. దీన్ని బట్టీ పట్టొద్దని, విడగొట్టుకోమని అక్క నేర్పింది. న్యూమోనో అంటే ఊపిరితిత్తులు. అల్ట్రామైక్రోస్కోపిక్ అంటే మైక్రోస్కోపుకి కూడా అందనంత సన్నది. సిలికో అంటే సిలికా. వాల్కనో అంటే అగ్నిపర్వతం. కోనియోసిస్ అంటే దుమ్ము వల్ల వచ్చే జబ్బు. ముక్కలన్నీ వరసగా చెబితే జబ్బు దానంతటదే అర్థమైపోతుంది, స్పెల్లింగ్ కూడా దానంతటదే వచ్చేస్తుంది. నాకు ఇంకా నచ్చింది దీని పుట్టుక. ఇది డాక్టర్లు పెట్టిన పేరు కాదు. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, వాళ్ళ వార్షిక సమావేశంలో అతి పొడుగు మాటగా దీన్ని ప్రవేశపెట్టాడు. పజిళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళు కల్పించిన మాట చివరికి ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీకి ఎక్కింది. మాటలతో ఆడుకునేవాళ్ళకి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది?

విడగొట్టి చూడటం అలవాటయ్యాక 'యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం' కూడా భయపెట్టలేదు. లోపల ఉన్నది 'ఎస్టాబ్లిష్' అనే మామూలు మాట. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కి ఉన్న అధికారిక హోదా తీసెయ్యాలన్నవాళ్ళు ముందు 'డిస్' తగిలించారు, దాన్ని వ్యతిరేకించినవాళ్ళు ఇంకా ముందు 'యాంటీ' తగిలించారు, ఆ వాదానికి పేరు పెట్టడానికి వెనక తోక పెరిగింది. 28 అక్షరాలు. 19వ శతాబ్దపు రాజకీయం మొత్తం ఒక మాటలో ఉంది.

షేక్‌స్పియర్ ఒక హాస్యనాటకంలో పల్లెటూరి విదూషకుడి నోట పలికించిన 27 అక్షరాల లాటిన్ మాట 'ఆనరిఫికాబిలిట్యూడినిటాటిబస్'. గౌరవాలకు తగిన స్థితి అని దాని భావం. హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అని చివరిదాకా ఒక్క తప్పూ లేకుండా మారుతూ పోతుంది. షేక్‌స్పియర్ నాటకాలు రాసింది నిజానికి ఆ కాలపు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ అని వాదించే ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ అనే ఆయన 1910లో ఈ 27 అక్షరాలనే అటూ ఇటూ మార్చి, 'బేకన్‌కి పుట్టిన ఈ నాటకాలు లోకం కోసం భద్రంగా ఉన్నాయి' అనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం తయారుచేశాడు. వాదన నిలబడలేదు గానీ, ఆ అక్షరాల కలబోత చూసి మేమిద్దరం నోరు తెరిచాం. 27 అక్షరాల్లో ఒక్కటి కూడా మిగలకుండా వాక్యం కుదర్చడం మాటలు కాదు.

జెడ్‌ల పిచ్చి ఉన్నవాళ్ళకి 'జెన్‌జిజెన్‌జిజెన్‌జిక్' చెప్పాలి. ఒక సంఖ్యకి ఎనిమిదో ఘాతం అని అర్థం. 16 అక్షరాల్లో ఆరు జెడ్‌లు. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ గణితజ్ఞుడి పుస్తకంలో ఉంది. మనం రోజూ రాసే 'ఈక్వల్ టు' గుర్తును ప్రపంచానికి పరిచయం చేసింది కూడా ఆ పుస్తకమే. గుర్తేమో ప్రపంచమంతా పాకిపోయింది, మాట మాత్రం డిక్షనరీలో ఒంటరిగా మిగిలిపోయింది. ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒకరకమైన జాలి.

సరిగ్గా 15 అక్షరాల మాటల కోసం అక్క వేరే భాగం కేటాయించింది. అవి బోర్డుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నింపుతాయి. వాటిలో మా ఇద్దరికీ ప్రాణం 'అన్‌కాపీరైటబుల్'. కాపీరైట్ పెట్టుకోడానికి వీల్లేనిదని అర్థం. 15 అక్షరాల్లో ఏదీ రెండోసారి రాదు. ఒకరోజు ఆట అయిపోయాక అక్క సంచిలోంచి ఆ బిళ్ళలు ఒక్కొక్కటే ఏరి మధ్య వరసలో పేర్చింది. అటు చివర, మాట విలువని మూడు రెట్లు చేసే ట్రిపుల్ వర్డ్ గడి మీద యూ, ఇటు చివర ట్రిపుల్ వర్డ్ గడి మీద ఈ, మధ్య చుక్క గుర్తు మీద ఐ. ఆటలో ఇది పడటం దాదాపు కల్ల, ఎందుకంటే చేతిలో ఉండేవి ఏడే బిళ్ళలు. అయినా ఆ వరసని చూస్తుంటే బోర్డుని కొలిచి ఈ మాట పుట్టించారా, మాటని కొలిచి బోర్డు గీశారా అనిపించింది.

దానికి జంట 'డెర్మటోగ్లిఫిక్స్'. ఇదీ 15 అక్షరాలే, ఇందులోనూ ఏదీ రెండుసార్లు రాదు. వేళ్ళ మీద, అరచేతుల మీద ఉండే చర్మపు గీతల్ని పరిశీలించే శాస్త్రం. ఈ మాట రాసినరోజు అక్క బొటనవేలికి స్టాంపు ప్యాడు సిరా అద్దుకుని, అర్థం రాయాల్సిన చోట వేలిముద్ర వేసేసింది. కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు. ఆ పేజీ చూశాక ఆ మాట ఇక మర్చిపోవడమన్నది జరగదు.

నిజంగా ఆడేటప్పుడు మాత్రం పొడుగు మాటంటే ఏడు, ఎనిమిది అక్షరాలే. ఏడు బిళ్ళలూ ఒకేసారి దింపితే 50 బోనస్. అందుకని అక్క లెక్కల మీద కూడా కూర్చోబెట్టేది. 'ముజ్‌జిక్స్' అనే మాటతో మొదలయ్యేది పాఠం. ఎమ్, యూ, జెడ్, జే, ఐ, కే, ఎస్. జార్ల కాలంనాటి రష్యన్ రైతులు. ఒక్కో అక్షరానికి ఒక్కో విలువ, ఏడు బిళ్ళలవీ కలిపితే 29. ఆట మొదట్లోనే ఎస్ మధ్య చుక్క మీద పడేలా పేర్చితే మూడో అక్షరం జెడ్ వెళ్ళి, అక్షరం విలువని రెట్టింపు చేసే డబుల్ లెటర్ గడి మీద కూర్చుంటుంది. జెడ్ విలువ పది కాస్తా ఇరవై అవుతుంది, మొత్తం 39. మధ్య గడి మాటని రెట్టింపు చేస్తుంది, 78. బోనస్ 50 కలిపితే 128. ఒక్క గడి అటూ ఇటూ జరిపితే జెడ్‌కి ఆ లాభం పోతుంది. మాట తెలిసుంటే సరిపోదు, ఎక్కడ దింపాలో కూడా తెలియాలని అప్పుడర్థమైంది.

అలాంటిదే ఇంకా పెద్దది 'కజీక్స్'. సీ, ఏ, జెడ్, ఐ, క్యూ, యూ, ఈ, ఎస్. వెస్టిండీస్ ప్రాంతపు మూలవాసుల నాయకులు. 1982లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో కార్ల్ ఖోష్‌నా ఈ ఒక్క మాటకి 392 పాయింట్లు కొట్టాడు. అదెలా సాధ్యమని నేను నమ్మలేదు. అక్క కాగితం ముందు పెట్టి నన్నే వెయ్యమంది. చేతిలోవి ఏడు, బోర్డు మీద ముందే ఉన్నది ఒకటి, ఎనిమిది అక్షరాల విలువ 28. రెండు ట్రిపుల్ వర్డ్ గళ్ళ మధ్య సరిగ్గా పడితే క్యూ డబుల్ లెటర్ మీదికొస్తుంది, 38. మూడు రెట్లు, మళ్ళీ మూడు రెట్లు, 342. బోనస్‌తో 392. కాగితం మీద ఆ సంఖ్య కళ్ళముందు వచ్చినప్పుడు ఒళ్ళు జలదరించింది.

2006లో మసాచుసెట్స్ రాష్ట్రంలో లెక్సింగ్టన్ క్లబ్బులో మైఖేల్ క్రెస్టా ఒకే ఆటలో 830 పాయింట్లు చేశాడు. అందులో 365 ఒక్క 'క్విక్సాట్రీ'కే. స్పానిష్ నవలలో గాలిమరల మీదికి యుద్ధానికెళ్ళిన డాన్ కిహోటే పేరు మీద వచ్చిన మాట. జరగని ఆదర్శాల వెంట పరుగెత్తడం అని అర్థం. ఈ వార్త నేను చదివేసరికి అక్క ఇంట్లో లేదు, ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్ళిపోయింది. నేను ఒక్కణ్ణే కూర్చుని లెక్క వేశాను. 27, నాలుగో గడిలో ఎక్స్ రెట్టింపై 35, తొమ్మిది రెట్లు 315, బోనస్‌తో 365. వెంటనే ఫోన్ చేసి, "అక్కా, ఎక్స్ ఎక్కడ పడిందో చెప్పు చూద్దాం" అన్నాను. "నాలుగో గడి. మొదట అర్థం చెప్పు" అంది.

నోట్‌బుక్ వెనక అట్ట దగ్గర రెండు పేజీలు మినహాయింపులకి వదిలింది. ఏడు కన్నా చిన్నవైనా వదలబుద్ధి కానివి. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి రావడాన్ని చెప్పే 'సిజిజీ'లో మూడు వైలు ఉంటాయి, ఆటలో ఉన్నవి రెండే, మూడోదానికి ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళ పెట్టుకోవాలి. ఈ, యూ, ఓ, యూ, ఏ, ఈ అని ఆరూ అచ్చులే ఉన్న మాట ఒకటుంది. చర్చిలో పాడే లాటిన్ కీర్తనల చివర వచ్చే 'సెక్యులోరుమ్ ఆమెన్' నుంచి అచ్చుల్ని మాత్రం ఏరి రాసుకున్న సంగీత గుర్తు. చేతినిండా అచ్చులే ఉన్నప్పుడు దేవుడిలా ఆదుకుంటుంది.

పాయింట్లతో పనిలేకుండా మా ఇంటి భాషలోకి వచ్చేసిన మాటలు వేరే. 'అబ్‌స్క్వాచులేట్' అంటే చెప్పాపెట్టకుండా జారుకోవడం. 1830ల అమెరికాలో లాటిన్ వాసన తగిలించి సరదాగా పుట్టించిన మాట. బంధువుల మధ్య ఇరుక్కుపోయినప్పుడు అక్క నా పక్కకొచ్చి ఆ ఒక్క మాట అనేది, ఇద్దరం మాయమయ్యేవాళ్ళం. 'అల్ట్రాక్రెపిడేరియన్' అంటే తనకు తెలియని విషయాల్లో తీర్పులు చెప్పేవాడు. పూర్వం గ్రీకు చిత్రకారుడు అపెలిస్ గీసిన బొమ్మలో చెప్పు తప్పుగా ఉందని ఒక చెప్పులు కుట్టేవాడు అంటే ఆయన దిద్దుకున్నాడు. మర్నాడు కాలు కూడా బాగాలేదన్నాడు. చెప్పు దాటి పైకి రావద్దని అపెలిస్ ఆపేశాడు. రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టిన ఈ కథ నుంచి, తన మీద విరుచుకుపడ్డ ఒక సంపాదకుడికి జవాబుగా ఆంగ్ల వ్యాసకర్త విలియం హాజ్లిట్ 1819లో ఈ మాట వాడాడు.

ఇంకొకటి 'మాలెమరోకింగ్'. గ్రీన్‌లాండ్ దగ్గర మంచులో ఓడలు ఇరుక్కుపోతే తిమింగలాల వేటకెళ్ళిన నావికులు ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి వెళ్ళి తాగి గోల చెయ్యడం. చేంబర్స్ డిక్షనరీలో ఉంది. అంత ప్రత్యేకమైన సందర్భానికి ఒక మాట కావాల్సొచ్చిందంటే ఆ మంచులో ఎన్ని ఓడలు ఆగిపోయి ఉంటాయో ఆలోచించమనేది అక్క. నాకు ఆ పేజీ తెరిస్తే చలేసేది.

అర్థం తెలియాలన్న మా పట్టుదలకి గట్టి సవాలు న్యూజిలాండ్‌కి చెందిన నైజెల్ రిచర్డ్స్. ఎన్నోసార్లు ప్రపంచ ఛాంపియన్. ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. ఆయన ఆటలో ఒక ఘట్టం ఆటగాళ్ళు కథలా చెప్పుకుంటారు. చేతిలో సీ, డీ, హెచ్, ఎల్, ఆర్, ఎన్, ఒక ఖాళీ బిళ్ళ. బోర్డు మీది 'ఈ' కలుపుకుంటే 'చిల్డ్రన్' ఎవరికైనా కనబడుతుంది. ఆయన బోర్డు మీద విడివిడిగా ఉన్న ఓ, ఓ, ఈ మూడింటి సందుల్లో తన ఏడు బిళ్ళలూ దూర్చి పదక్షరాల 'క్లోరోడైన్' వేశాడు. నల్లమందు, గంజాయి, క్లోరోఫాం కలిపి 19వ శతాబ్దంలో అమ్మిన మందు పేరు.

ఆ ఆట ముందు తలొంచుతాను. అయినా నా అభిప్రాయం మారలేదు. ఆంగ్ల పోటీలకి వాడే కాలిన్స్ జాబితాలో దాదాపు 2 లక్షల 80 వేల మాటలున్నాయి. అంతటినీ బొమ్మలా గుర్తుపెట్టుకోగలిగే బుర్ర కోటికొకరికి. మిగతావాళ్ళకి మాట నిలవాలంటే కొక్కెం కావాలి, అర్థాన్ని మించిన కొక్కెం నాకు కనబడలేదు. సిరా వేలిముద్ర, మంచులో ఆగిన ఓడ, చెప్పు దాటొద్దన్న చిత్రకారుడు, ఇవి లేకపోతే ఆ స్పెల్లింగులు నా తలలో ఉండేవి కావు. టెన్షన్‌లో గడియారం పరుగెడుతున్నప్పుడు కూడా నాకు మొదట గుర్తొచ్చేది కథే, దాని వెనకే అక్షరాలు వస్తాయి.

ఇప్పుడు ఫోన్లలో ఆడుతున్నాం, తలో ఊళ్ళో ఉండి. బిళ్ళల చప్పుడు లేదు, సంచిలో చెయ్యి పెట్టి వెతికే ఆత్రం లేదు. చెల్లని మాట వేస్తే యాప్ ఒప్పుకోదు కాబట్టి డిక్షనరీ కోసం కొట్లాటలూ లేవు. కానీ అక్క పజిళ్ళు ఆగలేదు. మొన్నీమధ్య మెసేజ్ పెట్టింది: "సినిమాటోగ్రాఫర్ 15 అక్షరాలు. అవే 15 కలిపి ఇంకో మాట చెయ్యి. క్లూ అడగకు." పాత సెట్టులోంచి బిళ్ళలు తీసి గుండ్రంగా పేర్చుకున్నాను. వరసలో పెడితే పాత మాటే మళ్ళీ మళ్ళీ కనబడుతుంది, గుండ్రంగా పెడితే కళ్ళు దాన్ని వదిలేస్తాయి, ఇదీ అక్క నేర్పిన చిట్కానే. 'గ్రాఫ్' చెదిరిపోయింది. 'మెగా' తేలింది. మిగిలిన పదకొండులో సీ, హెచ్, ఐ, ఆర్, ఓ పక్కపక్కన చేరేసరికి గుండె ఝల్లుమంది. గ్రీకులో కైర్ అంటే చెయ్యి. ప్టెరాన్ అంటే రెక్క. చెయ్యే రెక్కగా ఉన్న జంతువు, అందులోనూ పెద్ద రకం.

"మెగాకైరాప్టెరన్! పళ్ళు తినే పెద్ద గబ్బిలం!" అని పంపాను.

వెంటనే జవాబొచ్చింది: "సరే గానీ, ఊపులో ఎస్ తగిలించి పదహారు చేసేవురా, బోర్డు పట్టదు."